ఇంకో చెయ్యి

గిన్నెల దుకాణంల పెరిగినోన్ని. ఎవరన్న నా దిక్కు చెయ్యి చాపితే ఏదో అమ్మనీకే అనుకుంట. డిజిటల్ కెమెరాలు కొత్తగ వచ్చిన రోజులు. బార్కస్ నుంచి వస్తున్న బస్సుల పక్క సీటాయన ఓ గులాబీ రంగు రాయి చూపిస్తే గట్లనే అన్న:

"ఉంగరం రాళ్లు నాకొద్దన్నా. ఎంత తగ్గించినా కొన."

"అమ్మడానికి కాదండి, ఇది గ్రానైటు. కాసేపు మీ అరచేతిలో పెట్టుకుంటారా? ఫొటో తీసుకుంటాను."

ఫొటో చూసి ఏ రాయో చెప్పుడు ఆయన తన కంప్యూటర్‌కు నేర్పిస్తున్నడంట. నేర్పిన ఫొటోలన్నిట్ల రాళ్లు ఆయన చేతిలనే ఉన్నయి. ఆయన పట్టుకుంటే అది ఠక్కున చెప్తది, వేరేటోళ్లు పట్టుకుంటే తప్పు చెప్తది. సోమవారం ఆఫీసుల పెద్ద సారే రాయి పట్టుకుని పరీక్ష పెడ్తడంట.

"గంత చదువుకున్నవు, ఇంట్ల ఇంకో చెయ్యి దొరకలేదా భాయ్?" అన్న, నవ్వుకుంట.

ఆయన కిటికీ దిక్కు తిరిగిండు. "దొరకలేదండి."

కుడిచెయ్యి చాపిన. అది అయినంక, అడగకముందే ఎడమది గూడ ఇచ్చిన. ఆయన నా వేళ్లు మెల్లగ సర్ది, సంచిలకెళ్లి రాళ్లు మార్చుకుంట ఫొటోలు తీసి, పురానాపూల్ కాడ దిగిపోయిండు. పేరు గూడ అడగలె.

నేను ఇంటికి పోయి, ఎప్పటి లెక్కనే తలుపు తాళం నేనే తీసిన.

సోమవారం ఏమైందో నాకు తెల్వదు. గని ఈ ఊర్ల ఓ కంప్యూటర్‌కు నా రెండు చేతులు ఎరుకే.