నాలుగో దెబ్బ గాల్లో ఆపే మేష్టారు

మేష్టారు పోయారన్న కబురు సంత రోజున, బేరాలు మంచి జోరు మీద ఉండగా వచ్చింది. కబురు తెచ్చినామె నెత్తి మీది, విస్తర్లు కుట్టే అడ్డాకుల మోపు దించకుండానే చెప్పింది. తెల్లారుజామున కాఫీ అడిగారట. కోడలు కలిపి తెచ్చేసరికి గోడకి ఆనుకుని కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉన్నారట. కాటాలో ఉన్న పసుపు కొమ్ములు పక్కకి తీసేశాను. ఉన్నమాట చెప్పాలంటే నా లోపల మొదట కదిలింది దుఃఖం కాదు. అమ్మయ్య అనిపించింది. ఇదే కబురు కిందటి వానాకాలంలో వచ్చి ఉంటే అలా అనిపించేది కాదు. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ.

మేష్టారంటే బడిలో మేష్టారు కాదు. మా అరకు కొండల్లో కాఫీ, రాజ్‌మా పండించుకునే గిరిజన రైతు. వయసులో ఉన్నప్పుడు ఒడిశా వైపు ఒక క్రైస్తవ మిషను ఆసుపత్రిలో తోటపని చేస్తూ, అక్కడి నర్సులు పాడుకునే నాలుగు గొంతుల పాట నేర్చుకున్నారట. తిరిగి వచ్చి ఊళ్ళో చర్చికి క్వయరు, అంటే పాటల బృందం, తయారుచేసి అందరికీ మేష్టారయ్యారు. నేను మైదానం నుంచి వచ్చి రోడ్డు పక్క కిరాణా కొట్టు పెట్టుకున్న సావుకారుని. చర్చి గుమ్మం ఎక్కింది పెళ్ళి భోజనాలకే. నా చదువంతా పొట్లాలు కట్టే పాత పేపర్లలోది. అందుకే నాకు ఏ సంగతీ చివరిదాకా తెలియదు, చివరి ముక్క ఎవరో శనగపప్పుతో పట్టుకుపోయి ఉంటారు.

మేష్టారి గొంతులో గడ్డ లేచింది. విశాఖపట్నంలో ఆపరేషను చేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఆ తర్వాత ఆయన మాట అడ్డాకులు ఒకదాని మీద ఒకటి పేర్చుతున్న చప్పుడులా ఉండేది. దగ్గర కూర్చుంటేనే వినిపించేది. ఊరికి తిరిగి వచ్చాక చర్చికి వెళ్ళడం మానేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే క్వయరువాళ్ళు చందాలేసుకుని కీబోర్డు కొన్నారు. ఇంకేముంది, కీబోర్డు కొన్నందుకే మేష్టారు అలిగారని వాళ్ళు తీర్మానించుకున్నారు. అడగడానికి భయం. ఆయన మానేసిన కారణం వేరు. ఒకసారి నాతో అన్నారు: "ఇప్పుడు నాను ముందు నిలబడితే ఆళ్ళు పాట సూడరు సావుకారూ, నా పీక సూత్తారు. జాలితో పాడితే శృతి దిగిపోద్ది."

చర్చి మానేసిన మనిషి ఆదివారం పూట నా కొట్టుకి వచ్చేవారు. సెల్ టవరు మా రోడ్డు పక్కనే ఉంది కాబట్టి సిగ్నలుకి లోటు లేదు. ఎక్కడెక్కడి దేశాల క్వయర్లో ఫోనులో పెట్టించుకునేవారు. రాతి గోడలు, తెల్ల అంగీలు, బయట మంచు. తీగ ఇయర్‌ఫోను ఒక కొస ఆయన చెవిలో, ఒక కొస నా చెవిలో. మొదట్లో నాకు అది సంత గోలలా ఉండేది. నలుగురూ నాలుగు రకాలుగా పాడుతుంటే ఎవరి మాట వినాలి? ఆయన వేలితో పైకీ కిందకీ చూపిస్తూ ఒక్కో గొంతూ వేరుచేసి వినిపించారు: ఆడవాళ్ళలో పైది సొప్రానో, కిందిది ఆల్టో; మగవాళ్ళలో పైది టెనరు, కిందిది బాసు. మా భజన బృందంలో అందరిదీ ఒకటే పాట, ఎవరి వేగం వాళ్ళది. నేనెప్పుడూ అందరికంటే ముందు ముగించేసి ప్రసాదం దగ్గర ఉంటాను. ఆ మాట చెబితే చప్పుడు లేకుండా భుజాలు కదిలేలా నవ్వారు.

కొన్నాళ్ళకి మా ఊరి చర్చివాళ్ళు కూడా ఆరాధన జరుగుతుండగానే ఫోనులో చూపించడం మొదలుపెట్టారు, పనులకి హైదరాబాదు వెళ్ళిన పిల్లల కోసం. అప్పటినుంచి మేష్టారికి మంచు దేశాలు అక్కర్లేకపోయాయి. కొట్టు వెనక రాజ్‌మా బస్తాల మధ్య కూర్చుని, బస్తా మీద తాళం వేస్తూ, తన క్వయరుని దొంగచాటుగా వినేవారు. ఎవరితోనైనా చెబితే మళ్ళీ నీ కొట్టు గడప తొక్కనన్నారు. రోడ్డు మీద నన్ను పట్టుకుని ఆయన తర్వాత క్వయరు నడిపే ఆల్టో ఆవిడ, అంగన్‌వాడీలో పనిచేసే మనిషి, కళ్ళనీళ్ళు పెట్టుకునేది: "మా పాటలు ఆరికి సేదయిపోనాయి. తెల్లోళ్ళ పాటలే వింటన్నారంట కదా?" నేను బెల్లం ధర గురించి మాట్లాడేవాణ్ణి. ఆవిడకి నలభై దాటాయి, మేష్టారికి మాత్రం ఇంకా చిన్నపిల్లే, "ఆ గుంట". వానలు పట్టాక ఆయన దగ్గు ముదిరింది. ఈ ఇద్దరి మధ్యా ఈ మాట తేలకుండానే ఆయన వెళ్ళిపోతారేమోనని నాకు బెంగ పట్టుకుంది. ఆయన పోతే ఆవిడ జన్మంతా ఆ కీబోర్డు వైపు చూసి కుమిలిపోతుంది.

కాఫీ పళ్ళు కోసి ఎండబెట్టే రోజుల్లో ఒక ఆదివారం. ముందురోజే రాజ్‌మా లోడు లారీ ఎక్కించేశాం, కొట్టు వెనక బస్తా లేదు. మేష్టారు పీట మీద కూర్చుని ఫోను ఒళ్ళో పెట్టుకున్నారు. తాళం వెయ్యడానికి బస్తా లేక వేలు ఫోను అద్దం మీదే పడింది. పాట మొదలైంది. అద్దం అడుగు నుంచి ఎర్రటి హృదయం బొమ్మలు పైకి తేలుతున్నాయి. మూడు వస్తాయి, ఆగుతాయి. మళ్ళీ మూడు.

"ఎవులో తెగ ముచ్చటపడిపోతన్నారు సావుకారూ," అన్నారు సంతోషంగా.

"పడరా మరి," అన్నాను. ఆ బొమ్మలు ఎవరి వేలి కింద నుంచి పుడుతున్నాయో ఇద్దరు ముసలాళ్ళకీ తోచలేదు.

ఫోనులో కనిపించేది చర్చిలో జరిగినదానికి కాస్త వెనకబడి వస్తుంది. అంచేత అక్కడ పాట అయిపోయి, పాస్టరుగారు కాఫీ గింజలు ఎండేదాకా వాన పడకూడదని కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, మేష్టారు ఇక్కడ ఇంకా చివరి చరణానికి తాళం వేస్తూనే ఉన్నారు. ప్రార్థన నిండా హృదయాలే. తన ప్రార్థన ఎవరికో అంతగా నచ్చిందని విని పాస్టరుగారు ఆ వారమంతా హుషారుగా ఉన్నారని తర్వాత తెలిసింది. సిగ్నలు ఉందో లేదో చూద్దామని ఆల్టో ఆవిడ కిటికీ గూట్లోని ఫోను వైపు ఒక కన్ను తెరిచింది. మూడు హృదయాలు, ఖాళీ. మూడు హృదయాలు, ఖాళీ. మూడు దెబ్బలు వేసి నాలుగోది గాల్లో ఆపే మనిషి ఈ కొండల్లో ఒక్కరే.

ఆరాధన ముగిసీ ముగియకుండానే ఆవిడ వాలు దిగి, ఎదురైన మా కోడల్ని మేష్టారెక్కడని అడిగి, నేరుగా కొట్టు వెనక్కి వచ్చేసింది. ఫోను దాచడానికి మాకు వ్యవధి లేదు.

"మేష్టారూ, మా మీద కోపం నేదా?" అంది.

ఆయన ఇయర్‌ఫోను తీసి మడిచి నా చేతిలో పెట్టారు. దగ్గరికి రమ్మని సైగ చేసి, "మూడో సరణం ఎందుకంత బేగి లాగేసినారు? వాన వొచ్చేత్తాదా ఏటి?" అన్నారు.

ఆవిడ అక్కడే నేల మీద కూర్చుండిపోయి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. తర్వాత ఏడ్చింది కూడా. "తిట్టండి మేష్టారూ. ఎన్నాళ్ళయింది మీసేత తిట్టించుకుని," అంది.

ఆ తర్వాత క్వయరు సాధన నా కొట్టు అరుగు మీదకి మారింది. ఉప్పు కోసం వచ్చినవాళ్ళు బాసు గొంతులవాళ్ళ మధ్య నుంచి దూరి రావాలి. కీబోర్డు కూడా మోసుకొచ్చారు. ఆయన దాన్ని అటూ ఇటూ చూసి, శృతి తప్పని వస్తువు ఊళ్ళో ఒకటైనా ఉండాలన్నారు. ఒక ఆదివారం ఇద్దరు టెనరువాళ్ళు మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఆయన్ని చర్చికి తీసుకెళ్ళారు. సాయంత్రం అడిగాను, జాలిగా చూశారా అని.

"ఆళ్ళకి ఖాళీ ఏదీ?" అన్నారు. "నా సెయ్యి సూసుకోవాల కదా."

అందుకే అమ్మయ్య అనుకున్నాను. తప్పయితే పెద్దలు మన్నించాలి.

ఖననానికి ఊరంతా వచ్చింది. పాటలు బాగా పాడారట. నా మోకాళ్ళు సమాధుల తోట దాకా ఎక్కనివ్వలేదు. ఆ తర్వాత వచ్చిన ఆదివారం కౌంటరు మీద ఫోను పెట్టుకుని ఒక్కణ్ణే చూస్తున్నాను. ఇన్నాళ్ళూ వాళ్ళు ఫోనుని కిటికీ గూట్లో పెట్టేవారు, అందరూ పక్కనుంచి కనిపించేవారు. ఈసారి మేష్టారు నిలబడే చోట స్టూలు వేసి, దాని మీద నిలబెట్టినట్టున్నారు. క్వయరంతా ఎదురుగా నిలబడి నావైపే చూస్తోంది. ఆల్టో ఆవిడ కూడా. ఎవరూ మొదలుపెట్టడం లేదు. నాకు పాట రాదు, తాళం అంతకంటే రాదు. అరుగు మీద నుంచి ఎవరో కిలో ఉప్పు ఇమ్మని కేకేశారు. ఫోను మీద నుంచి కళ్ళు తిప్పకుండా, ఒక్క నిమిషం ఆగమ్మా అని చెయ్యెత్తాను.

వాళ్ళు పాట అందుకున్నారు.