టాంగా తీరంలో బడి గోడ కూల్చిన రోజు

ప్రొద్దుటూరులో ఓవర్‌సీరుగా ఉన్నప్పుడు నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు, తూర్పు ఆఫ్రికాలోని టాంగనీకాకు కట్టుబడి పనులు తెలిసినవాళ్లు కావాలంటే ముందుగా చెయ్యెత్తింది నేనే. తీరగ్రామాల వాళ్లు శ్రమదానంతో కట్టుకుంటున్న బావులు, బడులు చూసి రావడం అక్కడ నా ఉద్యోగం. రోడ్లు లేవు, పడవే దిక్కు.

ఆ రోజు తెల్లవారకముందే టాంగా రేవులో తెరచాప పడవ ఎక్కాం. మనిషికి రెండు షిల్లింగులు. గాలి అనుకూలిస్తే దక్షిణంగా మూడు గంటలు, లేకపోతే దేవుడి దయ. నాతో జమ్మలమడుగు మేస్త్రీ ఖాసిం ఉన్నాడు. పెన్నలో మోకాటిలోతు నీళ్లు తప్ప ఎరగని నేను, పడవ ఒరిగినప్పుడల్లా అంచు పట్టుకుని బిగుసుకుపోయాను.

"ఏందప్పా, పడవను నువ్వే మోస్తాండావా?" అని నవ్వాడు ఖాసిం.

మొదటి ఊళ్లో బావి చూసి, టీ కూడా తాగకుండా బయల్దేరాం. సముద్రం తగ్గితే పడవ బురదలో కూర్చుంటుందని పడవవాడు జుమా తొందరపెడుతున్నాడు. రెండో ఊళ్లో బడి గోడలు లేచాయి. మర్నాడే కప్పు వేస్తారట. ఊరి పెద్ద ఆషా అనే ఆవిడ. అక్కడ పెద్దావిడను 'మామా' అంటారు.

"ఆడమనిషి మామా ఏందప్పా!" అని గొణిగాడు ఖాసిం.

నేను గోడను గోటితో గీకితే సున్నం పిండిలా రాలింది. ఆ ఒక్క గోడకు సముద్రపు ఇసుకను ఉప్పు పోయేలా కడగకుండానే కలిపారు. భుజంతో నెడితే రాయి కదిలింది.

"పోదాం పా అప్పా, నీళ్లు తగ్గిపోతాండాయి. టాంగాకు పోయి రిపోర్టు రాద్దాం," అన్నాడు ఖాసిం.

"రేపే కప్పేస్తాండారు మేస్త్రీ. రిపోర్టు వచ్చేలోపల పిల్లోళ్లు దీంట్లో కూచుంటారు."

గోడ కూల్చి మళ్లీ కట్టాలని వచ్చీరాని స్వాహిలీలో ఆషాకు చెప్పాను. "ఈ రాళ్లు మా ఆడవాళ్లు తలల మీద మోసినవి. నువ్వు చెప్పి పడవెక్కుతావు. మళ్లీ ఎవరు కడతారు?" అంది ఆవిడ.

చెప్పులు విడిచి గోడ దగ్గరికి నడిచాను. జుమా తిట్టుకుంటూ లంగరు వేశాడు. మొదటి రాయి పీకింది ఆషాయే.

ఆ సాయంత్రానికి గోడ నేలమీద ఉంది. మర్నాడు ఖాసిం విసుక్కుంటూనే, "ఇసుక మంచినీళ్లతో శానా కడగల్ల," అని సైగలతో నేర్పాడు. గోడ నడుమెత్తు లేచాక బయల్దేరాం. మమ్మల్ని సాగనంపడానికి ఆషా రాలేదు. ఇసుక కడుగుతూ ఉండిపోయింది.

కొన్ని నెలలకు మళ్లీ ఆ తీరం వెంట వెళ్తుంటే, కొత్త కప్పు కింద పిల్లలు గొంతెత్తి చదువుతున్నారు. ఆషా కొబ్బరిబోండం కొట్టి ఇచ్చింది గానీ పాత మాట ఎత్తలేదు. మంచే చేశానని తెలుసు. అయినా ఆడవాళ్లంతా నిలబడి చూస్తుండగా ఆ రాళ్లు కూలిన చప్పుడు ఈనాటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు.

అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: పూటలో తిరిగొస్తామని ఎవరు చెప్పినా, ఇంకో రోజుకు సరిపడా మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి.