గట్టెక్కిన ఇల్లు

ఎదువీనా చిగువాయ్ చేతికి ఇల్లు కొనుక్కోవడానికి సర్కారు ఇచ్చే వోచరు వచ్చిన రోజున ఆమె వదిన రోసాల్బా అన్నది ఒక్కటే మాట. "సంతోషం. మరి ఎప్పుడు వెళ్తున్నావు?"

పదేళ్లుగా ఎదువీనా, ఆమె కూతురు యనీరా ఆ వదిన పెరట్లోనే, కట్టెల కొట్టం పక్కన వేసిన రేకుల గదిలో కాపురముంటున్నారు. అన్న చేపల పడవెక్కి దక్షిణానికి పోతే నెలల తరబడి రాడు. మా చిలోయే దీవిలో ఇలా బంధువుల పెరట్లో తలదాచుకునేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఇంటివాళ్లకు బరువు, ఉన్నవాళ్లకు నామోషీ. ఎదువీనా ఆ నామోషీని పళ్ల బిగువున భరించింది. పొద్దున్నే ఆలిచిప్పల ఫ్యాక్టరీకి పోయి, మంచులాంటి నీళ్లలో చేతులు నానబెట్టి చిప్పలు ఒలిచి, జీతంలో కొంత బ్యాంకులో వేసింది. వోచరు కావాలంటే ముందు మన పొదుపు చూపించాలి మరి. అన్నేళ్లలో వదిన వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి ఉప్పు గానీ నిప్పు గానీ అడిగిన పాపాన పోలేదు. అంత అభిమానం మనిషికి మంచిది కాదని నా అభిప్రాయం, కానీ ఆమెకు చెప్పే ధైర్యం మా ఊళ్లో ఎవరికుంది?

వోచరంటే చేతిలో డబ్బు కాదు. ఇల్లు అమ్మేవాడు దొరకాలి, ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సరేననాలి, రిజిస్ట్రీ కావాలి, అప్పుడు ప్రభుత్వం ఆ సొమ్ము అమ్మినవాడికి పంపుతుంది. అదీ తాపీగా. చలికాలం మొదలయ్యేలోపు ఇన్‌స్పెక్టరు సరేననకపోతే వోచరు మురిగిపోతుంది. మళ్లీ వరుసలో నిలబడాలంటే ఎన్నేళ్లో ఎవరికీ తెలియదు. ఎదువీనా సెలవు దొరికినప్పుడల్లా కాస్త్రో పట్నంలో కాళ్లరిగేలా తిరిగింది. ఇల్లు చూపించేదాకా నవ్వుతూ మాట్లాడినవాళ్లే, వోచరు పేరెత్తగానే ముఖం చాటేశారు.

"వోచరు వాళ్లకి అమ్మితే ఆ డబ్బు నేను కాదు, నా మనవలు చూస్తారు," అని ఒకావిడ తలుపు వేసేసింది.

"నీ మనవలు చల్లగా ఉండాలి తల్లీ," అని ఎదువీనా మూసిన తలుపుకు చెప్పి వచ్చింది. అది దీవెనో కాదో ఆ తలుపుకే తెలియాలి.

చివరికి అమ్మేవాడు ఊళ్లోనే దొరికాడు. పడవలు చేసే ముసలి వడ్రంగి కుస్తోదియో. మోకాళ్లు పోయి, పట్నంలో తమ్ముడి పంచన చేరదామనుకుంటున్నాడు. "నాకేం తొందర లేదమ్మాయ్," అన్నాడు. "సర్కారు డబ్బు నాకంటే నెమ్మదిగా నడుస్తుందేమో చూద్దాం."

ఒడ్డున ఉంటుంది ఆ ఇల్లు. చెక్క గోడలు, రెండు గదులు, కట్టెల పొయ్యి ఉన్న వంటిల్లు. తలుపు గడియ పెట్టుకోవడానికి లోపలి వైపు గొళ్లెం ఉందని చూసి యనీరా తెగ సంబరపడింది. రేకుల గదికి గొళ్లెం బయటి వైపే ఉండేది. కూతురు ఆ గొళ్లెం వేస్తూ తీస్తూ ఆడుతుంటే చూసి, ఈ ఇల్లు పోనివ్వకూడదని ఎదువీనా ఆ క్షణంలోనే గట్టిగా అనుకుంది.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. రాజధాని నుంచి కొత్తగా బదిలీ అయిన కుర్రాడు, మంచివాడే. పొయ్యి చూశాడు, కప్పు చూశాడు, బాగుందన్నాడు. తర్వాత టేపు తీసి నేల కొలిచి, పటం చూసి, మళ్లీ కొలిచి, తల గోక్కున్నాడు.

"పత్రాల్లో ఉన్న స్థలం పైన గట్టు మీద, రోడ్డు పక్కన ఉంది. ఇల్లేమో కింద ఒడ్డున ఉంది. ఒడ్డు ప్రభుత్వానిది. ఈ ఇల్లు ఇక్కడికెలా వచ్చింది?"

కుస్తోదియో దగ్గాడు. "మా నాన్న ఈ ఇల్లు అవతలి దీవిలో కొన్నాడు బాబూ. పడవలకి కట్టి నీళ్ల మీద లాక్కొచ్చారు. ఒడ్డుకి చేరింది. గట్టెక్కిద్దామంటే అప్పటికి ఎడ్లు కూలబడ్డాయి, ఆపిల్ కల్లు అయిపోయింది. రేపు లాగుదాంలే అన్నారు."

"ఎప్పటి మాట?"

"నాకు పెళ్లి కాకముందు."

ఇల్లొకచోట, దాని కాగితాలొకచోట ఉండటం మా దీవిలో వింతేం కాదు. ఎడ్లు ఎక్కడ అలిసిపోతే అదే చిరునామా. కానీ ఆ సంగతి రాజధానివాళ్లకు ఏం చెప్తాం?

"నేను సంతకం పెట్టలేనమ్మా," అన్నాడు కుర్రాడు, నిజంగానే బాధపడుతూ. "ఇల్లు నడిచి గట్టెక్కదు కదా."

"ఎందుకెక్కదు?" అంది ఎదువీనా.

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. దాంతో అతనూ మానేశాడు. గడువుకు ముందు ఆఖరి సోమవారం మళ్లీ వస్తానని, అప్పటికి నాలుగు గోడలూ హద్దు లోపల ఉండాలని చెప్పి వెళ్లాడు.

ఇల్లు లాగడం కూలికి కుదిరే పని కాదు. అది బదులుపని. సాయం కావలసినవాళ్లు గడప గడపకూ వెళ్లి, టోపీ తీసి, వాకిట్లోనే నిలబడి బతిమాలుకోవాలి. వచ్చినవాళ్లకు కడుపునిండా పెట్టాలి. రేపు వాళ్లు పిలిస్తే మారుమాట లేకుండా పోవాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఎదువీనా అమ్మనైనా అడగని రకం. అయినా టోపీ తీసి పట్టుకుని ముందుగా బెలార్మినో ఇంటికి వెళ్లింది. ఊళ్లో అతని ఎడ్ల జతకు మించింది లేదు, లాగుడంటే ముందుండి నడిపించేదీ అతనే.

బెలార్మినో కాడి చెక్కుతున్నాడు. ఆమె వచ్చిన పని చెప్పినా తల ఎత్తలేదు.

"మా ఇంటి కప్పు వేసినప్పుడు నువ్వు రాలేదు. పిల్లతో కల్లు క్యాను పంపించావు. పక్కింటోళ్ల బంగాళాదుంపలప్పుడూ అంతే, కవర్లో డబ్బులు పెట్టి పంపావు. ఇక్కడ చేతికి చెయ్యే బదులు. నీకు మేం కూలోళ్లలాగా కనిపించామా?"

ఎదువీనాకు తల కొట్టేసినట్టయింది. కానీ నోరు ఊరుకోలేదు. "నన్నెవరు పిలిచారన్నా? మీరు గడపలు చూసి పిలుస్తారు. నాకు గడపేది? మా వదిన్ని పిలిచి వెళ్లేవాళ్లు, పెరట్లోకి ఒక్కరైనా వచ్చారా? పిలవని పేరంటానికి ఎలా రాను? ఊరుకుంటే బాగోదని పంపాను."

ఉలి ఆగింది.

"అదీ నిజమే," అన్నాడు బెలార్మినో. "మరి మా అందరి బదులూ ఎలా తీరుస్తావు?"

"ఒక్కొక్కటిగా తీరుస్తా. నాకూ గడపంటూ ఉంటే దాన్నొదిలి ఎక్కడికి పారిపోతానన్నా?"

అతను మొదటిసారి తల ఎత్తి చూశాడు. "సరే, ఇల్లిల్లూ తిరుగు. ఒక్క గడప కూడా వదలకు. వదిలితే ఆ ఇంటోళ్లు ముఖం మాడ్చుకుంటారు, ఆ ముఖం చూసి ఎడ్లు కూడా కదలవు."

తిరిగింది. వానలో తిరిగింది. ఒక చెవిటి ముసలమ్మ దగ్గరైతే అదే బతిమాలుడు మూడుసార్లు, మూడోసారి వీధంతా వినేట్టు బతిమాలాల్సి వచ్చింది. ముసలమ్మకు మొదటిసారే వినపడిందని నా అనుమానం. అలా అన్ని గడపలూ తొక్కి, ఒక్క గడప దగ్గర ఆగిపోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఎదువీనా రచ్చంతా గెలిచి ఇంటి దగ్గర తప్పుకుంది. నోరు తెరిస్తే 'ఎప్పుడు వెళ్తున్నావు' అనే మనిషిని ఏమని బతిమాలుతుంది?

ఫ్యాక్టరీ నుంచి వచ్చాక రోజూ గట్టు మీద గోతులు తవ్వింది. కుస్తోదియో ముక్కాలి పీట మీద కూర్చుని, ఇంకో జానెడు లోతు, ఇంకో జానెడు, అని సణిగేవాడు. గోతుల్లో పునాది దుంగలు నిలబెట్టింది. మరుగుదొడ్డికి గొయ్యి తవ్వించింది. ఇంటి కిటికీల అద్దాలు ఊడదీసి దుప్పట్లలో చుట్టింది. లాగుడు శనివారానికి పెట్టారు. సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తాడు.

శనివారం పొద్దున్నే ఎడ్లు వచ్చాయి, ఊరూ వచ్చింది. ఇంటి కింద రెండు పొడవాటి మానులు చొప్పించి, గొలుసులూ తాళ్లూ తగిలించారు. బెలార్మినో కేక వేశాడు. ఇల్లు మూలిగి, ఊగి, కదిలింది. పిల్లలు ఈలలు వేశారు. గట్టు సగం వరకు పెళ్లి ఊరేగింపులా సాగింది. అక్కడ వానకు నానిన బురదలో కుడివైపు మాను దిగబడింది. ఎడ్లు మోకాళ్ల మీద పడ్డాయి. మళ్లీ లాగారు, మాను ఇంకా లోపలికి పోయింది. మూడోసారి తాడు తెగింది.

మనుషులు ఆకాశం వైపు చూశారు. వచ్చినవాళ్ల భోజనానికి గోతిలో కాల్చిన రాళ్ల మీద ఆలిచిప్పలు, పందిమాంసం ఉడుకుతున్న వాసన వస్తోంది. ఎవరో మెల్లగా అన్నారు, "రేపు లాగుదాంలే."

ఆ 'రేపు' ఎంత పొడుగ్గా ఉంటుందో ఎదువీనాకు తెలుసు.

"ఎవరి గడప వదిలేశావు?" అన్నాడు బెలార్మినో.

అందరూ తలలు తిప్పి పైనున్న రోసాల్బా కిటికీ కేసి చూశారు. తెర వెనక మనిషి ఉంది. పొద్దుట్నుంచీ ఉంది.

ఎదువీనా బురద కాళ్లతో గట్టెక్కింది. వాకిట్లో నిలబడి టోపీ తీసింది. తలుపు కొట్టకముందే తెరుచుకుంది.

"వదినా, ఇల్లు మధ్యలో ఆగిపోయింది. నువ్వు రావాలి. బతిమాలుకుంటున్నా."

"ఇప్పుడు గుర్తొచ్చానా?" అంది రోసాల్బా. "ఊరంతా తిరిగావు. ఆ చెవిటిదానికి మూడుసార్లు చెప్పావు. పదేళ్లు నా పెరట్లో ఉండి ఒక్కనాడు ఉప్పుకి వచ్చావా? పిల్లకి జ్వరమొస్తే వానలో తడుస్తూ ఆసుపత్రికి నడిచావే గానీ నా తలుపు కొట్టావా? నేనేమన్నా రాక్షసినా? మీ అన్న ఊళ్లో ఉండడు, ఆ వంటింట్లో నేనొక్కదాన్నే పొయ్యి ముందు కూర్చుని..."

"నువ్వేమో ఎప్పుడు వెళ్తావు, ఎప్పుడు వెళ్తావని—"

"నువ్వు మాట్లాడతావని అడిగేదాన్ని! ఇంకేం అడిగినా ఊఁ అనేసి పోయేదానివి. ఆ ఒక్కదానికే కోపమొచ్చి కాసేపు నిలబడేదానివి."

ఎదువీనాకు ఏడుపొచ్చింది. ఎన్నడూ లేనిది, ఆపుకోలేదు. "నాకు అడగడం రాదు వదినా."

"ఇప్పుడొచ్చిందిగా," అని రోసాల్బా బూట్లు తొడుక్కుంది. వాకిలి దాటి బురద వైపు ఒకసారి, తన పెరటి వైపు ఒకసారి చూసి కేక వేసింది. "ఒరేయ్, గొడ్డళ్లు పట్రండిరా! ఈ రేకుల గది పీకండి. దాని నేల చెక్కలు మాను కింద పరవండి."

"వదినా, రాత్రికి మేం ఎక్కడ పడుకోవాలి?"

"ఇల్లు గట్టెక్కితే దాంట్లో. ఎక్కకపోతే నా వంటింట్లో. ఇంక వెనక్కి వెళ్లే దారి లేదు గానీ, పట్టు ఆ చెక్క."

పదేళ్లు పడుకున్న నేలను ఎదువీనా తన చేతుల్తోనే పీకింది. చెక్కలు చేతులు మారుతూ కిందికి వెళ్లాయి. మానును గునపాలతో పైకి లేపి వాటిని అడుగున పరిచారు. తెగిన తాడు ముడేశారు. రోసాల్బా ఇంటి వెనక్కి పోయి గోడకు భుజం ఆనించింది. ఆమె పక్కన ఎదువీనా, ఆమె పక్కన యనీరా. బెలార్మినో ఎడ్లను పేరుపేరునా తిట్టాడు. మాను చెక్కల మీదికి జారింది. ఇల్లు ఒక్క కుదుపుతో లేచి, ఈసారి ఆగకుండా, గట్టు మీద కట్టిన హద్దు తాడు దాటి లోపలికి వెళ్లి కూర్చుంది. కుస్తోదియో పీట మీద నుంచి లేచి, మోకాళ్ల సంగతి మరిచిపోయి, పసివాడిలా ఏడ్చాడు. వాళ్ల నాన్న రేపటికని వదిలిన పని ఆ రోజు పూర్తయింది.

సోమవారం ఇన్‌స్పెక్టరు వచ్చి కింద ఒడ్డుకు పోయాడు. అక్కడ ఇల్లు లేదు. పైకి వచ్చి, చుట్టూ రెండుసార్లు కొలిచి, సంతకం పెట్టాడు.

"నడిచిందన్నమాట," అన్నాడు.

"నడిపించాం," అంది ఎదువీనా.

చలికాలమంతా గడిచాక గానీ సర్కారు డబ్బు కుస్తోదియోకు చేరలేదు. సర్కారు డబ్బుతో నడక పందెంలో తనే గెలిచానని ఆయన చెప్పుకుంటాడు. రిజిస్ట్రీలో ఎదువీనా పేరు ఎక్కింది.

బంగాళాదుంపలు నాటే రోజులొచ్చాయి. ఒక ఆదివారం సన్నగా వాన పడుతుండగా ఎవరో తలుపు తట్టారు. ఎదువీనా గొళ్లెం తీసింది. రోసాల్బా. రేకుల గదిలోకి ఏనాడూ తలుపు తట్టి వచ్చిన మనిషి కాదు. ఇప్పుడు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, వాకిట్లో నిటారుగా నిలబడి ఉంది.

"లోపలికి రా వదినా, తడుస్తున్నావు."

"పిలవడానికొచ్చిన మనిషి లోపలికి రాకూడదు," అంది రోసాల్బా బిగుసుకుని. "ఈ ఇంటి ఎదువీనా చిగువాయ్‌ని బతిమాలుకోవడానికొచ్చా. శనివారం మా దుంపలు నాటాలి."

ఎదువీనా చేయి గొళ్లెం మీదే ఉండిపోయింది. ఒక ఇంటి మనిషిగా ఆమెను పిలవడానికి గడప ముందుకు ఒకరు రావడం అదే మొదటిసారి.

"వస్తావా రావా? నన్నెంతసేపు వానలో నిలబెడతావు?"

"వస్తా వదినా," అంది ఎదువీనా. "పొద్దున్నే వస్తా."