గోలీ పెళ్లాన్ని ఓడెక్కించాలన్న ఏడు

నిన్న సాయంత్రం తొలకరి జల్లు పడుతుండగా, ఈ రంగం పట్నపు లత వీధిలో మా మేడ కింద ఉన్న టీ దుకాణంలో మా మనవడూ వాడి స్నేహితులూ చేరి, ఈ ఏడు తమ బంతాట జట్టు గెలుస్తుందా, మట్టి కరుస్తుందా అని తేల్చడానికి కూర్చున్నారు. సగం బర్మా మాట, పావు ఇంగ్లీషు, మిగిలిన పావు మన తెలుగు కలిపి వాళ్లు ఆడే ఆ మాటలు నాకు కిటికీలోంచి వినబడుతూనే ఉంటాయి, వద్దనుకున్నా వినబడతాయి, అంతంత గొంతులు. ఫలానా వాడి మోకాలు ఇంకా బాగుపడలేదని ఒకడు, కొత్తగా తెచ్చుకున్న కుర్రాడు గాలేస్తే పడిపోయేలా ఉన్నాడని ఇంకొకడు అంటూంటే, మా మనవడు బల్ల మీద చరిచి, అసలు గోలు కాసే మన గోలీకి మొన్ననే పెళ్లయింది, ఇంక ఈ ఏటికి ఆశ వదులుకోండి అన్నాడు. నాకు నవ్వు ముంచుకొచ్చింది. పొలమారి దగ్గు వచ్చేదాకా నవ్వాను. వాడు పైకి పరుగెత్తుకొచ్చి ఏమయింది మామ్మా అంటే చెప్పబోయాను గానీ, వాడికి వచ్చిన తెలుగు అన్నం అడగడానికీ నీళ్లు అడగడానికీ చాలుతుంది, ఈ కథకు చాలదు. అందుకని నా ఈడు వాళ్లు, రంగం అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కరలేని వాళ్లు మీరున్నారు గనక మీతో చెప్పుకుంటున్నాను.

పంతొమ్మిది వందల ఇరవైల్లో, భీమిలి దగ్గరి మా పల్లె నుంచి నేను కాపురానికి ఓడెక్కి వచ్చాను. మా ఆయన సేక్కాన్ రేవులో పని చేసేవాడు. గోదాం పైనుంచి బల్లల మీద జారి వచ్చే బియ్యం బస్తాలను కింద నిలబడి పట్టుకుని పక్కకు వెయ్యడం ఆయన పని. బస్తా ఎటు తిరిగి వస్తుందో చేతులకు ముందే తెలియాలి, లేకపోతే తిన్నగా వచ్చి గుండెల మీద పడుతుంది. ఆ చేతులు చూసే మేస్త్రీ పెదనాన్న ఆయనను తీసుకుపోయి గోలులో నిలబెట్టాడట. మేస్త్రీ పెదనాన్న అంటే నాకు రక్తసంబంధం ఏమీ లేదు. మన ఊళ్ల నుంచి మనుషులను తెచ్చి రేవులో పనికి పెట్టినవాడు, జట్టును సాకినవాడు, అందుకని కూలీ లైన్లలో, అదే మేం కాపురాలుండే వరస గదుల్లో, అందరికీ ఆయన పెదనాన్న, ఆయన భార్య అందరికీ పెద్దమ్మ.

మా వాళ్లు ఎండాకాలంలో పెళ్లిళ్లకూ పేరంటాలకూ సొంత ఊళ్లకు వెళ్లి, వానలు పట్టేలోగా తిరిగి వచ్చేవారు. బంతాట మొదలయ్యేది వానలతోనే గనక, ఆ ఏటి జట్టు ఎలా ఉండబోతోందో రేవులో ఓడ ఆగిన రోజునే తేలిపోవాలి. అందుకని ఓడ వస్తోందంటే లైన్లలో నడవగలిగిన మగవాళ్లంతా వచ్చి ఓడకు వేసిన వంతెన పక్కన నిలబడి, దిగుతున్న ఆటగాళ్లను ఒక్కొక్కరినే చూసి వంకలు పెట్టేవారు. ఇతను అత్తవారింట బాగా తిని వచ్చాడు, పరిగెత్తలేడు, అతను కుంటుతున్నాడు, ఫలానా వాడు అసలు దిగలేదు, వాళ్ల మామ పొలం రాసిచ్చి ఇల్లరికం ఉంచేసుకున్నాడు, ఇంక మన కుడి వైపు గోవిందా. నేను కొత్త పెళ్లికూతురిని, తలంబ్రాల చీర కట్టుకుని దిగుతున్నాను, అంత మంది జనం నన్ను చూడటానికే వచ్చారు కాబోలనుకుని తల దించుకుని సిగ్గుపడుతూ నడిచానండీ! ఒక్కరూ నా మొహం చూడలేదు. మా ఆయన చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. ఆ తరవాత నన్ను చూసి, అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దమ్మ ఒక్కతే దగ్గరికి వచ్చి, నా గడ్డం పట్టుకుని, "ఒలమ్మ, ఎంత సక్కటి గుంటని తెచ్చీనాడు మా గోలీ!" అని దిష్టి తీసింది. ఆనాటి నుంచి లైన్లలో నా పేరు గోలీ పెళ్లాం. మా అమ్మ పెట్టిన పేరు ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు.

మా గది కిటికీ కిందే ఒక పొడుగాటి బల్ల ఉండేది, లైన్లలోని బంతాట పండితులంతా దాని మీదే కూర్చునేవారు. వాళ్లందరికీ పెద్ద, సత్రంలో వంట చేసే తాత. సాయంత్రం పని దిగి వచ్చేవారికి అన్నం వండాలి గనక ఆయన జన్మలో ఒక్క ఆట కూడా చూసి ఎరగడు, అయినా ఆయన మాటే వేదం. మా మరిది ఎడమకాలితో కొట్టే బంతి గాలిలో ఎలా వంపు తిరుగుతుందో ఆయన గరిటెతో గీసి చూపిస్తుంటే, రోజూ ఆ కాలి పక్కనే ఆడేవాళ్లు కూడా నోరు తెరుచుకుని వినేవారు. మేస్త్రీ పెదనాన్న కొడుకు నడుమ ఆడతాడు, వాడికి కోపం తగ్గితే గాని గోలు కొట్టలేడనేవారు. వెనకాల కాపు కాసే అన్నదమ్ములిద్దరూ ఇంట్లో మాట్లాడుకోరు, మైదానంలో మాత్రం ఒకడి ఊపిరి ఒకడికి తెలుసుననేవారు. ఎంత ప్రేమండీ ఆ వంకలు పెట్టడంలో! కాళ్లకు జోళ్లు లేవు, చొక్కాలు పెద్దమ్మ రంగులో ముంచి ఆరేసినవి, పగలంతా బస్తాలు మోసిన ఒళ్లు. ఆ ఒళ్లతోనే చౌక్తడా పేట ఆఫీసుల దొరల జట్టును నిరుడు ముప్పుతిప్పలు పెట్టారని చెప్పుకుంటుంటే, కిటికీ వెనక బియ్యం ఏరుకుంటున్న నాకు కూడా ఒళ్లు పులకరించేది. కాకపోతే చర్చ చివరికి ఎప్పుడూ మా ఆయన దగ్గరికే, అంటే నా దగ్గరికే వచ్చి ఆగేది. "కొత్త పెళ్లికొడుకు దూకడ్రా," అనేవాడు వంట తాత. "మోసేతులు సూసుకుంటాడు. ఇంటికెల్తే ఆవిడ అడుగుద్ది గదా, ఇదేటి దెబ్బని."

ఆడవాళ్లం మైదానానికి వెళ్లే ఆచారం లేదు. ఫలితం మాకు తెలిసేది వాళ్లు తిరిగి వచ్చే దారిని బట్టి. గెలిస్తే వీధి వైపు నుంచి డప్పు కొట్టుకుంటూ వచ్చేవారు, ఓడితే రేవు వైపు నుంచి, గోదాముల వెనక సందులోంచి, ఒక్కొక్కరే చడీచప్పుడూ లేకుండా వచ్చి కాళ్లు కడుక్కునేవారు. ఎవరు పెట్టిన నియమమో తెలియదు, ఎవరూ తప్పేవారు కాదు.

ఆ ఏటి తొలి ఆట లత వీధి చీనా వర్తకుల జట్టుతో. శుభమా అని మొదలుపెడుతున్నాం, పైగా ఇంట కొత్త కోడలు అడుగుపెట్టిన ఏడు, అని పెద్దమ్మ ఆ పొద్దున్న పదకొండు మందినీ పీటల మీద కూర్చోబెట్టి, పై ఊళ్ల నుంచి తెప్పించిన నువ్వుల నూనె మాడుకు పట్టించి, ఒళ్లంతా మర్దనా చేయించి, వేడి నీళ్లతో తలంటు పోయించింది. తరవాత ముద్దపప్పు, నెయ్యి. మనింట్లో ఏ మంచి పని తలంటు లేకుండా మొదలుపెట్టాం చెప్పండి? నేనూ నీళ్లు తోడి ఇచ్చాను. వాళ్లు నిగనిగలాడుతూ, వాన మబ్బు కింద నడిచి వెళుతుంటే చూడముచ్చటేసింది.

సాయంత్రం వీధి వైపు చెవి వేసుకుని కూర్చున్నాం. రేవు వైపు తలుపు కిర్రుమంది.

మా ఆయన లోపలికి వచ్చి, గోడకు ఆనుకుని, అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. రెండు చేతులతో పట్టిన బంతి సబ్బు ముక్కలా జారి వెనక గోలులో పడిందట, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. ముందువైపు వాళ్లు సరేసరి, కాళ్లు ఈడ్చుకుంటూ తిరిగారట. కిటికీ కింద బల్ల మీద ఆ సాయంత్రమే తీర్పు అయిపోయింది. అందరికీ కారణం ఒక్కటే కనిపించింది, అది నేను. ఆదివారం నాటికి వంట తాత దానికి మందు కూడా కనిపెట్టాడు: వచ్చే ఓడలో గోలీ పెళ్లాన్ని పుట్టింటికి పంపించేద్దాం, ఆట కాలం అయిపోయాక మళ్లీ తెచ్చుకుందాం. ఎగతాళికి కాదు, నిజంగానే అన్నారు, పైగా ఎంతో మర్యాదగా, నా మేలు కోరుతున్నట్టే అన్నారు.

మీకు తెలుసు గదా మన ఊళ్ల సంగతి. రంగం వెళ్లిన కోడలు రెండు నెలలు తిరక్కుండా ఒంటరిగా ఓడ దిగితే, బంతాట కోసం పంపారంటే ఎవరు నమ్ముతారు? మొగుడు వదిలేశాడంటారు. మా నాన్న రచ్చబండ దగ్గరికి వెళ్లడం మానేస్తాడు, నా వెనకాల ఉన్న చెల్లెలికి సంబంధం రాదు. మా ఆయనను అడిగేసెయ్యాలనిపించింది, ఏమయ్యా, నన్ను పంపించేస్తావా అని. అడగలేదు. ఆయన మాట తక్కువ మనిషి, సభలో నోరు విప్పిన మనిషి కాడు, ఆ మౌనం చూసే నాకు మరీ బెంగ.

ఆదివారం పొద్దున్న మేస్త్రీ పెదనాన్న ముందు అందరూ చేరారు. నేను తలుపు వెనక నిలబడ్డాను. ఒకరి తరవాత ఒకరు ఓడ ఎప్పుడు, తోడు ఎవరు అని మాట్లాడుకుంటూ పోతున్నారు, నేను ఇంకా ఇక్కడ ఉండగానే నా పెట్టె సర్దేస్తున్నారు. అప్పుడు మా ఆయన లేచి, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు: "దాన్ని ఓడెక్కిస్తే నానూ ఎక్కుతాను. మీ గోలుకి తడిక కట్టుకోండి."

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. మంగళసూత్రం కట్టినప్పుడు కాదు, ఆ మాట అన్నప్పుడు ఆయన నాకు మొగుడయ్యాడు.

ఒక్కసారిగా గోల లేచింది. ఆ గోలలో, సందు మొదట్లో చేపల పులుసు సేమ్యాలు, అదే మొహింగా, అమ్మే బర్మా ఆవిడ ముందుకు వచ్చింది. ఆవిడను అందరం దౌ, అంటే వాళ్ల మాటలో అమ్మగారు, అనేవాళ్లం. మన లైన్లలో తిరిగి తిరిగి మన మాట నేర్చుకుంది, మా జట్టంటే ప్రాణం పెట్టేది, మా ఆయనను కో గోలీ, అంటే గోలీ అన్న, అని పిలిచేది. "ఈ పిల్ల ఏటి సేసింది?" అని గదమాయించింది. "ఆ రోజు కో గోలీ ఆవలింత. అందరూ ఆవలింత. ఎడమకాలు తమ్ముడు నా బల్ల మీద కూకుని నిద్దర! నాను లేపీసి పంపినాను."

తలంటు పోసుకున్న మధ్యాహ్నం మనందరికీ కళ్లు ఎలా వాలిపోతాయో తెలియనిది ఎవరికి? ఆ వానలో, మర్దనా చేసిన అరచేతులకు తోలు బంతి ఎలా నిలుస్తుంది? తెలిసిన సంగతే, ఎవరికీ తట్టలేదు, తలంటును అనుమానించడం మన రక్తంలో లేదు మరి. నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ లైన్లకంతటికీ తల్లి, ఆవిడ మాటకు ఎదురు లేదు, ఊరుకుంటే ఎవరూ ఆవిడను ఒక్క మాట అనేవారు కాదు. ఆవిడ చెంగు నడుముకు దోపుకుని నడి మధ్యకు వచ్చింది. "ఒరే, గుంటనొగ్గీండి. నూనె రాసింది నాను, ఆళ్లకి నిద్దరట్టించింది నాను. ఓడెక్కించాలంటే నన్నెక్కించండి, మీ మేస్త్రీ కూడా సుకపడతాడు!" ముందుగా నవ్వింది మేస్త్రీ పెదనాన్నే. వంట తాత మాత్రం నవ్వకుండా, ఆ నూనె సంగతి తనకు మొదటినుంచీ అనుమానంగానే ఉందన్నాడు.

రెండో ఆట దొరల జట్టుతో. ఈసారి పెద్దమ్మ మా ఆయన చేతులను చింతపండూ బూడిదా పెట్టి ఇత్తడి బిందెను తోమినట్టు తోమింది, ఆయన కెవ్వుమంటున్నా వదల్లేదు. అందరికీ చద్దన్నం, పచ్చిమిరపకాయ, అంతే. మధ్యాహ్నం నుంచి కుండపోత. నేను పొయ్యి వెలిగించడం మరచిపోయి గుమ్మంలో నిలబడ్డాను. చూపు వీధి వైపు ఉంది గానీ, చెవి మాత్రం వద్దన్నా రేవు వైపు తలుపు మీదికే పోతోంది. వానలో ఏ చప్పుడు ఏదో తెలియదు. ఎంతసేపటికో, తడిసిన డప్పు మోగీ మోగనట్టు, దూరంగా, వీధి వైపు. పెద్దమ్మ నన్ను ఎత్తి గిరగిరా తిప్పిందంటే నమ్మండి, ఆ ఒళ్లు, ఆ వయసు! మా ఆయన రెండు మోచేతులూ దోక్కుపోయి నెత్తురు కారుతూ వచ్చాడు. నేను ఇదేమిటి దెబ్బ అని అడగలేదు. పసుపు పెట్టాను.

ఆ ఏడు మావాళ్లు చాలా ఆటలు గెలిచారు, కొన్ని ఓడారు, కప్పు ఎవరో పట్టుకుపోయారు. మళ్లీ తలంటు మాత్రం ఆఖరి ఆట అయ్యాకే. ఆ తరవాత కొన్నేళ్లకు యుద్ధం వచ్చింది, లైన్లలోని మనుషులు చెదిరిపోయారు, అడవి దారిన మన దేశానికి నడిచి వెళ్లినవాళ్లలో పెద్దమ్మ ఊరు చేరిందో లేదో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. మేం ఉండిపోయాం. నాలుగేళ్ల కిందట మా ఆయన పోయినప్పుడు ఈ మేడకు ఇంకా రాలేదు, సేక్కాన్‌లోని ఆ పాత గదిలోనే ఉన్నాం. శ్మశానానికి రేవు వైపు దారి దగ్గర, పిల్లలు అటే ఎత్తబోతుంటే, మా మరిది, ఆ ఎడమకాలు మరిదే, కర్ర ఊతంతో గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "అటొద్దు. మాయన్న ఈది వైపే ఎల్లాల," అన్నాడు. డప్పు కొట్టించుకుంటూ వీధి వైపే తీసుకెళ్లారు. ఎందుకో మా మనవడికి తెలియదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు గెలుపోటములు రేడియో చెప్పేస్తుంది, గుమ్మంలో నిలబడి చెవి వీధికి అప్పగించే అవసరం ఎవరికీ లేదు, మంచిదే. కిందనున్న ఈ కుర్రాళ్లు తిట్టుకుంటున్న ఆ గోలీ పెళ్లాం ఏ వీధి పిల్లో, ఏ భాష పిల్లో, ఆ పిల్లకు భయం లేదులే, ఎవరూ ఓడెక్కించరు. నేనైతే ఆ మాటకు ఎంత వణికానో! ఇప్పుడు ఒక్కొక్క పొద్దు, ఎవరైనా వచ్చి, పదవే గోలీ పెళ్లామా, నీ పెట్టె సర్దుకో, నిన్ను మీ ఊరు పంపిస్తాం అంటే బాగుండుననిపిస్తుంది. అనేవాళ్లూ లేరు, ఆ రేవులో మన ఊరికి వెళ్లే ఓడా లేదు.