ఒడ్డుకు లాగే చేతులు

డాల్ఫిన్లు ముచ్చటైన జీవాలని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒడ్డున పడి, ఎండకు చర్మం పొరలు పొరలుగా లేస్తున్న డాల్ఫిన్ పక్కన వాళ్లెవరూ ఒక పూట కూర్చుని ఉండరు. అది ఊపిరి వదిలినప్పుడల్లా చేపల కంపు మొహానికి కొడుతుంది. కళ్లలోంచి జిగట కారుతుంది. ముచ్చటపడాలంటే చాలా దూరంలో ఉండాలి.

అప్పట్లో నేను కావలి వైపు బ్లాకులో ముఖ్యసేవికను. జంతుశాస్త్రంలో డిగ్రీ చదివి, పల్లెల్లో పొగలేని పొయ్యిలు కట్టించడం, మహిళా మండళ్ల చేత కుట్టుపని చేయించడం నా ఉద్యోగం. ఆ చదువుకూ ఈ ఉద్యోగానికీ ఏమిటి సంబంధమని అడిగే తెలివైనవాళ్లకు అప్పుడూ జవాబు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

బోగోలు దాటి, ఇసకలో బండి దిగి, చేపల వేట మీద బతికే ఒక పట్టపుపాలేనికి మండలి మీటింగు కోసం వెళ్లాను. పందిట్లో ఒక్కరూ లేరు. నా మీటింగులకు జనం రాకపోవడం కొత్త కాదు గానీ, ఊరే ఖాళీగా ఉంది. అందరూ సముద్రం దగ్గరున్నారు. పాటుకు నీళ్లు వెనక్కి తీసిన చోట, చీలమండలు తడిసేంత నీళ్లలో, పదో పన్నెండో డాల్ఫిన్లు పడి ఉన్నాయి. కొన్ని అప్పటికే చచ్చాయి.

ఆ ఊరివాళ్లకు అవి చేపలు కావు, తోడు పనివాళ్లు. లోతులోంచి చేపల గుంపుల్ని తరిమి ఒడ్డు దాకా తెచ్చేది అవేననీ, అప్పుడే అలివి వల నిండుతుందనీ వాళ్ల లెక్క. అలివి వలంటే తెలియనివాళ్లకు చెబుతున్నాను: వలను దూరంగా నీళ్లలో చుట్టి వేసి, దాని రెండు తాళ్లను ఒడ్డున నిలబడి ఊళ్లో మగవాళ్లంతా లాగుతారు. వాళ్ల తాతల కాలంలో డాల్ఫిన్లు మందలు మందలుగా కనిపించేవట. తర్వాత తగ్గుతూ వచ్చాయి. కొత్తగా వచ్చిన నైలాను వలల్లో చిక్కుకుని చచ్చినవి చచ్చాయి. ఆ ఏడాది ఆ తీరాన కనిపించింది ఈ ఒక్క మందే.

మండలి అధ్యక్షురాలు ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని కావలి దాకా నడిచే మనిషి. నోటికి నాకు సరిజోడు. పొయ్యిల విషయంలో ఆమెకూ నాకూ పాత తగువు. పొగ లేకపోతే కప్పుకు పురుగు పడుతుందని ఆమె, పడితే పడనీ నీ ఊపిరితిత్తులు బాగుపడతాయని నేను. ఆ రోజు ఆమె ఆడవాళ్లందరినీ వరసగా నిలబెట్టి బిందెలు అందిస్తోంది. వాళ్లు పసుపు కలిపిన నీళ్లు తెచ్చి, అమ్మవారికి పోసినట్టు భక్తిగా, డాల్ఫిన్ల నెత్తి మీద పోస్తున్నారు.

"నెత్తి మీద పొయ్యకండి. ఆ బెజ్జం దాని ముక్కు. ఊపిరాడక చస్తుంది," అన్నాను.

"ముక్కు నెత్తిన ఉంటదా యాడన్నా?" అంది ఒకామె, బిందె దించకుండానే.

అధ్యక్షురాలు నన్ను ఎగాదిగా చూసింది. "ఆయమ్మ పొయ్యిల సంగతి తప్పు చెప్పినా, ముక్కుల సంగతి చదువుకునింది. ఈపు మీద పొయ్యండి," అంది.

ఇంత గౌరవం నాకు ఆ ఊళ్లో మళ్లీ దక్కలేదు.

ఊరి పెదకాపు పొద్దున్నే దురాయి వేశాడు. దురాయంటే ఊరి కట్టుబాటు. దాటినవాడికి ఊళ్లో నిప్పు కూడా పుట్టదు. ఆ రోజు ఒక్క తెప్ప కూడా వేటకు పోకూడదు, ప్రాణమున్న డాల్ఫిన్ మీద కత్తి పడకూడదు. ఆ రెండో మాట చెట్ల నీడన కూర్చున్న నూనె వర్తకుడి కోసం. కబురు ఎలా అందిందో, పీపాలతో, మనుషులతో దిగిపోయాడు. వాటి కొవ్వు కాచి తీసిన నూనెకు గిరాకీ ఉంది.

"నాకేం తొందర్లేదు పెదకాపా," అన్నాడతను బీడీ ముట్టించుకుంటూ. "ప్రాణం దానంతటదే పోద్ది గదా."

అతన్ని నేను ఏమన్నానో ఇక్కడ రాస్తే అచ్చు వెయ్యరు.

పొద్దుటి నుంచీ మగవాళ్లు ఒక్కొక్క దాన్నే మోసుకెళ్లి లోతులో వదులుతుంటే, అది తిరిగి ఒడ్డుకే వచ్చి పడుతోంది. ఒడ్డున మిగిలినవి కీచుమని అరుస్తున్నాయి, ఇది వాటిని వదిలి పోలేకపోతోంది. పోటుకు నీళ్లు పెరగగానే బతికున్నవాటన్నిటినీ ఒకేసారి అలివి వలలోకి తీసుకోవాలని పెదకాపు ఆలోచించాడు. లోపలి నుంచి తెప్పలు వలను సముద్రంలోకి లాగాలి. ఒడ్డున ఉన్నవాళ్లు రెండు తాళ్లూ బిగువుగా పట్టుకుని, వల ముడుచుకోకుండా, కొంచెం కొంచెంగా వదలాలి. లాగడం కాదు, వదలడం. నాకూ బాగానే తోచింది. తప్పు పట్టడానికి ఎంత వెతికినా దొరకలేదు.

మధ్యాహ్నం దాటాక నీళ్లు నడుముల దాకా వచ్చాయి. వల చుట్టారు. తెప్పలు కదిలాయి. తాళ్ల దగ్గర ఊళ్లో గట్టి మగవాళ్లంతా ఉన్నారు. ఒక పెద్ద అల వచ్చి తాడును జివ్వున గుంజింది. ఎవడో అలవాటుగా "ఐలసా" అన్నాడు. అంతే. అన్ని చేతులూ ఒక్కసారిగా ఒడ్డుకు లాగాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ మాటకు ఆ చేతులు చేసిన పని అదొక్కటే. పెదకాపు వదలండ్రా వదలండ్రా అని అరుస్తూనే ఉన్నాడు, అరుస్తూ తనూ లాగుతూనే ఉన్నాడు. వల మడతపడింది. లోపలివి ఒకదాని మీద ఒకటి దొర్లి నీళ్ల కింద చిక్కుకున్నాయి. విప్పేసరికి మూడు చచ్చిపోయి ఉన్నాయి.

ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు. మగవాళ్లు తమ చేతుల వంక చూసుకున్నారు. మళ్లీ ప్రయత్నించారు, ఈసారి నోళ్లు మూసుకుని. పాట లేకపోయినా అల తగలగానే భుజాలు వెనక్కే వంగాయి. మరొకటి పోయింది.

పోటు ఆగి, నీళ్లు వెనక్కి తియ్యడం మొదలైంది. వర్తకుడి మనుషులు కత్తులు నూరుకుంటున్న చప్పుడు గాలికి వినిపిస్తోంది. అప్పుడు అధ్యక్షురాలు వచ్చి తాడు దగ్గర నిలబడింది.

"మాకియ్యండి," అంది.

వల తాడు ఆడది తాకితే ఆ వలకు ఇంక చేప పడదు. ఆ ఊళ్లో ఆడవాళ్లు తాడును దాటను కూడా దాటరు, చుట్టు తిరిగి పోతారు. ముసలివాళ్లు గొల్లుమన్నారు.

"ఊరికి ఉండేది ఒక్క పెద్దవల. దాన్ని గూడా చంపుతావా?" అన్నాడు పెదకాపు.

"మా చేతులకు లాగే అలవాటు లేదు బావా. ఏనాడన్నా పట్టుకోనిచ్చినారా?"

నేను కల్పించుకున్నాను. మైల లేదు, మన్ను లేదు, తాడు తాడేనన్నాను. సైన్సన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. పెదకాపు నా వైపు తిరగను కూడా లేదు. ఆమె నా చెయ్యి గట్టిగా నొక్కింది. "నువ్వు ఊరుకోమ్మా. నీ మాటకు ఒప్పుకుంటే ఆయన పరువు పోద్ది."

ఊరుకున్నాను. ఊరుకోవడం నా వల్ల కాని పని, అది చేశాను. నీళ్లు వాటి వీపుల మీద నుంచి దిగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

చివరికి పెదకాపు తాడును ఆమె చేతికి ఇవ్వలేదు. ఇసక మీద పెట్టాడు. పెట్టి, సముద్రానికి వీపు తిప్పి, ఊరి వైపు చూస్తూ నిలబడ్డాడు. మిగతా మగవాళ్లూ అలాగే తిరిగారు.

ఆడవాళ్లం పట్టుకున్నాం. చేపల కంపు కొట్టే తడి తాడు అరచేతుల్లోంచి జారుతూ చర్మాన్ని తీసుకుపోతుంటే బిగబట్టుకుని, కొంచెం కొంచెంగా వదిలాం. అలలు గుంజినప్పుడు అడుగు ముందుకే వేశాం. మెడల దాకా నీళ్లొచ్చాయి. నాకు ఈత రాదు. దూరంగా తెప్ప మీద మనిషి తలగుడ్డ ఊపగానే తాడు వదిలేశాం.

తెప్పలు తిరిగొచ్చాక తగువు మొదలైంది. మూడు ఈదుకుంటూ పోయినాయని ఒకడు, రెండేనని ఒకడు. ఒకటి వల్లోనే చచ్చి తేలిందని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఈదినవి తూర్పుకు, లోతుకు పోయాయా, ఒడ్డు వెంట తిరిగాయా అంటే ఎవరూ చెప్పలేకపోయారు.

ఈలోగా ఒడ్డున వర్తకుడు పని మొదలుపెట్టాడు. చచ్చినవాటిని కాపాడమని దురాయి లేదు. ఆ వలను ఊరు మళ్లీ నీళ్లలో దించలేదు. కొత్తది అల్లుకునే దాకా చాలా ఇళ్లల్లో పొయ్యి వెలగలేదు. పొగలేని పొయ్యి గురించి మాట్లాడటానికి నేనూ వెళ్లలేదు.

ఆ వారం కావలి సంతలో అధ్యక్షురాలు కనిపించింది. రెండు చేతులకూ గుడ్డలు చుట్టుకుని ఉంది. నా చేతులూ అలాగే ఉన్నాయి. వదిలినవి ఏమైనా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయా అని అడిగాను.

"రాలేదు," అంది.

పై వారమూ అడిగాను. ఆ పై వారమూ అడిగాను. లోపల వేటకు పోయినవాళ్లకు ఎక్కడైనా కనిపించాయా అని అడిగాను.

"కొట్టుకొస్తే నేనే చెప్తా. కనపడినా నేనే చెప్తా. నువ్వు అడగబాకమ్మా," అంది.

నేను అడగడం మానలేదు. కొన్నాళ్లకు ఆమె నన్ను దూరం నుంచే చూసి, గంపతో సహా పక్క సందులోకి తిరిగిపోయేది.