పైన కూడా చక్రాలున్న విమానం

మనవడు ఫోన్‌లో వాయుసేన విన్యాసాలు చూపించాడు. రంగుల పొగ వదులుతూ ఒక విమానం తలకిందులైంది. నాకు నిర్మల్‌లో మా ఇల్లు, బాపు బొమ్మలు చెక్కే పొనికి చెక్క, చింతగింజల జిగురు వాసన గుర్తొచ్చాయి.

చిన్నప్పుడొకసారి మా ఊరి మీదుగా విమానాలు వరుసగా వెళ్లాయి. మిద్దె మీద బొమ్మలు ఆరబెడుతున్న అక్క ఒక్కతే చూసింది.

"బాపూ, ఒకటి వెల్లకిల తిరిగింది!"

"ఎండ కొట్టిందా బిడ్డా? విమానం ఏడన్న వెల్లకిల పండుకుంటదా?" అని బాపు నవ్వాడు.

అక్క ఏడవలేదు. బాపు చెక్కిన విమానం బొమ్మకు చక్రాలు పైన అతికించి ఇచ్చింది. బాపు దాన్ని చాలాసేపు తిప్పి చూశాడు.

"నువ్వు చూసినవంటే నిజమే. కింద గూడ పెట్టు. ఎట్ల తిరిగినా దిగాలె గదా."

ఆ తర్వాత మేం అమ్మిన విమానాలన్నీ అలాగే చేశాం. దోస్తులారా, మీ ఇంట్లో కిందా పైనా చక్రాలున్న నిర్మల్ విమానం ఉండేదా? అది మా అక్కదే.