ఊరూ పేరూ లేని అడ్రసు

మాది కిరందుల్ లైను రైల్వే కుటుంబం. నేను సుక్మా జిల్లా దోర్నపాల్ బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో అక్కడ మధ్యాహ్న భోజనం వండే అక్క ఒకామె ఉండేది. ఆమెది కిష్టారం వైపు పల్లె. నక్సల్ గొడవల కాలంలో ఇల్లు కాలిపోతే రోడ్డు పక్క పోలీసు క్యాంపు దగ్గరికి వచ్చేసింది. ఇంట్లో వాళ్ల ఆదివాసీ భాష దోర్లీ, నాతో తెలుగు.

దోర్లీ మాటలు పోకుండా దాచడానికి నా మిత్రులు కొందరు ఒక యాప్ తయారుచేశారు. అందులో పెట్టినవి ఏ ఒక్క కంపెనీ దగ్గరా ఉండవు, వాడేవాళ్ల ఫోన్లలోనే చాలాచోట్ల ఉంటాయి. ఖాతాకి పేరు, ఫోన్ నంబరు అక్కర్లేదు. అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవాటి అడ్రసు వస్తుంది. దాని తాళంచెవి పన్నెండు ఇంగ్లీషు మాటలు. అవి పోతే మళ్లీ ఇచ్చే నాథుడు లేడు.

అక్కకి ఖాతా తెరిచి అడ్రసు చూపించాను.

"ఏంది మేడం ఇది? నా ఊరేది ఇందుల?"

"ఊరుండదక్కా. పేరూ ఉండదు. కానీ ఇది నీదే."

"లిస్టుల నుంచి కొట్టేస్తరా?"

ఒకసారి రేషన్ లిస్టులో ఆమె పేరు లేకుండా పోయింది. మళ్లీ ఎక్కించుకోవడానికి సుక్మా ఆఫీసుల చుట్టూ ఎంత తిరిగిందో నేను చూశాను.

"ఎవరూ కొట్టెయ్యలేరు," అన్నాను.

ఆమె గరిటె పక్కన పెట్టి ఆ అంకెల్ని చాలాసేపు చూసింది.

తాళంచెవి మాటలు పన్నెండూ రాసిస్తానంటే వద్దంది. "కాయితాలు ఒకపాలి కాలినయ్. చెప్పు, నేర్చుకుంట." చదువు రాని మనిషి, పప్పు కలుపుతూ వారం రోజులు వల్లెవేసింది. తర్వాత దుంపల పేర్లు, వాగుల పేర్లు, పశువుల్ని పిలిచే కూతలు ఎన్నో రికార్డు చేసింది.

వానాకాలంలో ఫోను నీళ్లలో పడి పాడైంది. కొత్త ఫోనులో ఆమె ఆ పన్నెండు మాటలూ చెబుతుంటే నేను టైపు చేశాను. ఖాతా తెరుచుకోలేదు. ఒకచోట 'గార్డు' అంటోంది. నాలుగోసారికి నాకు తట్టింది, అది 'గార్డెన్'. క్యాంపు పక్కన ఉండే మనిషికి రోజూ వినబడేది గార్డే మరి. దిద్దగానే ఆమె గొంతు ఫోనులోంచి పలికింది. అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

మరుసటి ఏడు జ్వరంతో పోయింది. పది రోజులకి ఆమె కూతురు నా దగ్గరికొచ్చింది.

"అమ్మ పేరు, ఊరు అందుల పెడతరా మేడం?"

పన్నెండు మాటలూ నాకు నోటికొచ్చేసి ఉన్నాయి. మరిచిపోవాలనే చూశాను, కుదరలేదు. ఆ సంగతి ఒప్పుకుని, "అమ్మ ఖాతా తెరవమంటావా?" అని అడిగాను.

"వద్దు. అది అమ్మ తాళం. నాకొకటి తెరువుండ్రి."

తన ఖాతాలో ముందుగా తల్లి అడ్రసు పెట్టుకుంది. తర్వాత దోర్లీలో తల్లి పేరు, ఊరి పేరు చెప్పి, ఆ అడ్రసులో ఉన్న గొంతు మా అమ్మదని రికార్డు చెయ్యబోయింది. రెండుసార్లు ఏడుపొచ్చి మధ్యలోనే ఆపేసింది. మూడోసారి చివరిదాకా చెప్పింది.